స్కూలు ఫుట్‌బాల్‌లో లొల్లి విజిల్‌కు ముందే మొదలవుతుంది

మండల స్థాయి ఫుట్‌బాల్ పోటీల్లో గోల్ అయిందా కాలేదా అన్న పంచాయితీ నిజానికి తక్కువ. పుట్టిన తేదీ మీద, లిస్టులో పేరు లేని పిల్లగాడి మీద, "డ్రా అయితే ఏంది?" అన్న ప్రశ్న మీద అయ్యే లొల్లే ఎక్కువ. ఈ మూడూ విజిల్ ఊదకముందే కాగితం మీద తేలాల్సినవి. అక్కడ తేల్చకపోతే చివరికి అన్నీ రిఫరీ నెత్తిన పడతాయి.

ఉమ్మడి నల్గొండ, ఉమ్మడి పాలమూరు జిల్లాల్లో పోటీలు నడిపే పీఈటీ సార్లకు, మేడంలకు ఇందులో చాలావరకు తెలిసిందే. పీఈటీ పోస్టు ఖాళీగా ఉన్న స్కూల్లో లెక్కల సారో తెలుగు మేడమో టీంను వెంటబెట్టుకొని వస్తుంటారు. ఎక్కువగా వాళ్లను దృష్టిలో పెట్టుకొని రాస్తున్నది ఇది.

ముందు ఏ పోటీకి పోతున్నామో తెలియాలి. ఎస్జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీలు వేరు, సుబ్రతో కప్ వేరు. ఎస్జీఎఫ్‌లో వయసు విభాగాలు మూడు: అండర్ 14, అండర్ 17, అండర్ 19. మండలంలో స్కూలు టీంలుగానే ఆడతారు గానీ పైకి పోయేది టీం కాదు, పిల్లలు. బాగా ఆడినవాళ్లను ఏరి జిల్లా జట్టు, అందులోంచి రాష్ట్ర జట్టు కడతారు. సుబ్రతో కప్‌లో అట్లా కాదు. స్కూలు జట్టు స్కూలు జట్టుగానే పైకి పోతుంది, పక్క స్కూలు పిల్లగాడిని కలుపుకోవడానికి వీల్లేదు. దేశంలో తొలి భారతీయ వైమానిక దళాధిపతి సుబ్రతో ముఖర్జీ పేరు మీద 1960లో మొదలైన పోటీ అది, ఇప్పటికీ వైమానిక దళమే చూసుకుంటుంది. ఈ తేడా తెలియని సారు మండలంలో ఓడిపోగానే పిల్లలను ఆటో ఎక్కించేస్తాడు. ఓడిన టీంలో మంచి గోల్‌కీపర్ ఉంటే సెలెక్షన్‌లో వాడి పేరు రావచ్చు. సెలెక్షన్ అయ్యేదాకా గ్రౌండ్‌లోనే ఉండాలి.

కాగితాలు

వయసుకు సర్క్యులర్‌లో ఉన్న పుట్టిన తేదీయే లెక్క. "తొమ్మిదో తరగతి కదా సార్, అండర్ 14 అవుతడు" అనే లెక్క చెల్లదు. తరగతికి, వయసు విభాగానికి సంబంధం లేదు. ఆ తేదీ ఏటా ఒక ఏడాది జరుగుతుంది కాబట్టి పోయినేడు లిస్టును కాపీ కొట్టి పంపితే ఒకరిద్దరు తప్పకుండా దొరికిపోతారు.

ఆధార్‌లో ఒక తేదీ, స్కూలు అడ్మిషన్ రిజిస్టర్‌లో ఇంకో తేదీ ఉండటం మన దగ్గర మామూలే. చిన్నప్పుడు అంగన్‌వాడీలోనో బడిలోనో నోటిమాటగా రాయించిన తేదీ ఒకటి, తర్వాత జనన ధ్రువపత్రంతో సరిచేయించినది ఒకటి. ఇది గ్రౌండ్ దగ్గర బయటపడితే ఎవరూ ఏమీ చేయలేరు. జూన్‌లో బడి తెరిచిన వారంలోనే టీంలోకి వచ్చే పిల్లలందరివీ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. ఎంట్రీ ఫారంలో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, తరగతి, అడ్మిషన్ నంబర్ రిజిస్టర్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఫొటో మీద సగం, కాగితం మీద సగం పడేట్టు హెడ్మాస్టర్ ముద్ర వేయించాలి. ఫొటో ఊడదీసి ఇంకొకరిది అంటించకుండా కాపాడేది ఆ ముద్ర ఒక్కటే. ఫారం మూడు కాపీలు తీసుకొని ఒకటి కన్వీనర్‌కు ఇచ్చి, ఒకటి టీం మేనేజర్ దగ్గర, ఒకటి స్కూల్లో ఉంచాలి.

చీటీలతో డ్రా తీయడం

నాకౌట్‌లో టీంల సంఖ్య 4, 8, 16 అయితే తలనొప్పి లేదు. 11 టీంలు వచ్చాయనుకుందాం. ఆ వరసలో దానికి పైనున్న సంఖ్య 16. 16 లోంచి 11 తీస్తే 5, అంటే అయిదు టీంలకు బై (తొలి రౌండ్ ఆడకుండానే రెండో రౌండ్‌కు పోవడం). పై సగంలో 6 టీంలు, కింది సగంలో 5. మొదటి బై కింది సగంలో చివరి టీంకు, రెండోది పై సగంలో మొదటి టీంకు, మూడోది కింది సగంలో మొదటి టీంకు, నాలుగోది పై సగంలో చివరి టీంకు పోతుంది. అయిదోది మళ్లీ కింది సగానికే, చివరి నుంచి రెండో టీంకు. అంటే 11, 1, 7, 6, 10 నంబర్లకు బై. తొలి రౌండ్‌లో 2తో 3, 4తో 5, 8తో 9 ఆడతాయి. మొత్తం మ్యాచ్‌లు ఎప్పుడూ టీంల సంఖ్య కంటే ఒకటి తక్కువ, ఇక్కడ 10.

చీటీలు టీం మేనేజర్లందరి ముందు తీయాలి, తీసిన వెంటనే చార్టు గోడకు అంటించాలి. ముందే రాసుకొచ్చిన చార్టు ఎంత నిజాయితీగా రాసినా ఎవరూ నమ్మరు. దూరం నుంచి వచ్చే టీంకు పొద్దున తొలి మ్యాచ్ పడకుండా సమయాలు సర్దొచ్చు గానీ, చీటీలో వచ్చిన నంబర్ మాత్రం మార్చకూడదు.

లీగ్ పెడితే మ్యాచ్‌లు ఎక్కువవుతాయి: నాలుగు టీంలకు 6, అయిదు టీంలకు 10. గెలిస్తే 3, డ్రాకు 1 అన్నది అందరికీ తెలుసు. పాయింట్లు సమానమైతే ముందు ఏది చూడాలన్నదే రాసిపెట్టుకోరు. గోల్ తేడానా, ఇద్దరి మధ్య మ్యాచ్‌నా, కొట్టిన గోల్‌లా? ఏ వరస పెట్టుకున్నా సరే, తొలి మ్యాచ్‌కు ముందే అది చార్టు కింద ఉండాలి. ఆఖరి రోజు మధ్యాహ్నం పెట్టుకున్న నియమం ఏదైనా ఎవరికో ఒకరికి లాభం చేస్తుంది.

సమయం కూడా ముందే లెక్కకట్టాలి. ఆట చట్టం (ఫుట్‌బాల్ నియమాల పుస్తకం) ప్రకారం సగానికి 45 నిమిషాలు, పిల్లల పోటీలకు తగ్గించుకోవచ్చు. 25 నిమిషాల సగాలు, 10 నిమిషాల విరామం అనుకుంటే మ్యాచ్‌కు గంట. టాస్, లిస్టు, ఆగిన సమయం, పెనాల్టీలకు ఇంకో 20 నిమిషాలు వేసుకోవాలి. పొద్దున 9 నుంచి సాయంత్రం 5 దాకా ఒక్క గ్రౌండ్ మీద 6 మ్యాచ్‌లు, భోజనానికి ఆపితే 5. పది మ్యాచ్‌లు ఒక్క రోజులో పెడతామనే కన్వీనర్లు చివరి మ్యాచ్‌లను 10 నిమిషాల సగాలకు కుదిస్తారు, అదీ ఆట మధ్యలో. అది కుదరదు. సమయం తగ్గించాలంటే ఆట మొదలయ్యే ముందే రిఫరీ, రెండు టీంలు ఒప్పుకోవాలి, పోటీ నియమాలూ అందుకు ఒప్పుకోవాలి.

గ్రౌండ్ కొట్టడం

గ్రౌండ్ పొడవు 90 నుంచి 120 మీటర్లు, వెడల్పు 45 నుంచి 90 మీటర్ల మధ్య ఉండొచ్చు. మన స్కూలు గ్రౌండ్లకు 90 × 60 సరిపోతుంది. పొడవును ఉత్తర దక్షిణాలుగా పెట్టుకోవాలి. తూర్పు పడమరలుగా కొడితే పొద్దున ఒక గోల్‌కీపర్‌కు, సాయంత్రం ఇంకొకడికి కళ్లలో ఎండ.

50 మీటర్ల టేపు, గట్టి నైలాన్ తాడు, పది ఇనుప మేకులు, ఒక సుత్తె, ముగ్గురు మనుషులు ఉంటే చాలు. ముందు ఒక మూల మేకు కొట్టి 90 మీటర్లు తాడు లాగి రెండో మేకు కొట్టాలి. మూలమట్టానికి 6-8-10 పద్ధతి. పొడవు గీత మీద 6 మీటర్ల దగ్గర ఒక గుర్తు, అడ్డంగా అందాజ 8 మీటర్ల దగ్గర ఇంకో గుర్తు పెట్టి రెంటి మధ్య సరిగ్గా 10 మీటర్లు వచ్చేదాకా రెండోదాన్ని జరపాలి. ఆ దిక్కున 60 మీటర్లు లాగితే మూడో మూల. అవతలి వైపు కూడా ఇట్లనే. ఇప్పుడు మూల నుంచి ఎదురు మూలకు ఏటవాలుగా కొలిస్తే 108 మీటర్ల 17 సెంటీమీటర్లు రావాలి, రెండు వైపులా అదే. పది సెంటీమీటర్లు అటూ ఇటూ అయితే పర్వాలేదు. అర మీటరు తేడా వస్తే సున్నం సంచి విప్పకుండా మళ్లీ కొలవాలి.

గోల్ గీత మధ్యలో, అంటే మూల నుంచి 30 మీటర్ల దగ్గర, ఒక మేకు. అక్కడి నుంచి రెండు వైపులా మూడు కొలతలు: 3.66 దగ్గర పోస్టు లోపలి అంచు, 9.16 దగ్గర చిన్న డబ్బా, 20.16 దగ్గర పెద్ద (పెనాల్టీ) డబ్బా. చిన్న డబ్బా లోపలికి 5.5 మీటర్లు, పెద్దది 16.5. పెనాల్టీ చుక్క 11 మీటర్ల దగ్గర. ఈ చుక్కను అడుగులతో కొలవడం మన దగ్గర పెద్ద జబ్బు. పొడుగు సారు పన్నెండు అంగలు వేస్తే 12 మీటర్లు అవుతుంది, పొట్టి సారు వేస్తే 9. రెండు గోల్‌ల దగ్గరా ఇద్దరు వేరు వేరు సార్లు అంగలు వేసిన గ్రౌండ్లూ ఉంటాయి. డబ్బా బయటి చాపానికి పెనాల్టీ చుక్క మీదే మేకు కొట్టి 9.15 మీటర్ల తాడు తిప్పాలి. అది డబ్బా గీతను మధ్య నుంచి అటు 7.31, ఇటు 7.31 దగ్గర తాకితే కొలత సరిగ్గా ఉన్నట్టే. నడిమి వృత్తానికీ అదే తాడు. మూలల్లో 1 మీటరు చాపం, 1.5 మీటర్లకు తక్కువ కాని జెండా కర్ర. కర్ర పైకొస మొనతేలి ఉండకూడదు. చాలాచోట్ల చెట్టు కొమ్మ నరికి అట్లనే పాతుతారు, పిల్లగాడు పడితే కంట్లోకే.

గీత వెడల్పు 12 సెంటీమీటర్లు దాటకూడదు. గీత కూడా డబ్బాలో భాగమే కాబట్టి కొలత బయటి అంచుకు చూడాలి. 90 × 60 గ్రౌండ్‌లో గీతలన్నీ కలిపితే 660 మీటర్ల పైచిలుకు. 10 సెంటీమీటర్ల వెడల్పున కొడితే 66 చదరపు మీటర్లు. ఒక పది మీటర్లకు ఎంత పొడి పడుతుందో చూసుకుంటే ఎంత తెప్పించాలో తేలిపోతుంది.

పొడి సంగతి గట్టిగా చెప్పాలి. కాల్చిన సున్నం వాడకూడదు. వాన పడ్డ గ్రౌండ్‌లో అది తడిసి వేడెక్కుతుంది, చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే చూపుకే మోసం. ముగ్గుపిండి మంచిది, చవకే. కాలిన ఇంజన్ ఆయిల్ పోసి గీతలు కొట్టేవాళ్లున్నారు, వానకు చెరిగిపోదని. అది పిల్లల మోకాళ్ల గాయాల్లోకి పోతుంది. పలుగుతో గాడి తీయడం ఇంకా అన్యాయం. చీలమండ మడతపడటానికి గుంత మనమే తవ్విపెట్టినట్టు.

మన నేలలు రెండు రకాలు, రెంటికీ వేరు వేరు తిప్పలు. దేవరకొండ, నల్గొండ వైపు ఎర్ర చెలకల్లో వాన నీళ్లు తొందరగా ఇంకుతాయి గానీ మట్టి కొట్టుకుపోయి గరుసు పైకి తేలుతుంది. మ్యాచ్ ముందు పిల్లలను వరసగా నిలబెట్టి గ్రౌండ్ ఈ కొస నుంచి ఆ కొసకు నడిపించి రాళ్లు ఏరించాలి, పావుగంట పని. మక్తల్, అలంపూర్ వైపు నల్లరేగడిలో ఒక గట్టి వాన పడితే బూటుకు కిలో మట్టి అంటుకుంటుంది, ఎండాక నెర్రెలు విచ్చుతుంది. అక్కడ ఆగస్టులో పోటీ పెట్టేవాళ్లు ఇంకో గ్రౌండ్ పేరు కూడా సర్క్యులర్‌లో రాసుకోవాలి.

గోల్ పోస్టుల మధ్య 7.32 మీటర్లు, నేల నుంచి అడ్డకర్ర కింది అంచుకు 2.44. అడ్డకర్ర బదులు తాడు కట్టడం చట్టం పేరుపెట్టి మరీ వద్దన్నది. ఆట మధ్యలో అడ్డకర్ర విరిగితే ఆట ఆపాలి, బాగుచేశాక డ్రాప్ బాల్‌తో (రిఫరీ బాల్‌ను చేతిలోంచి నేల మీదికి వదలడంతో) మొదలుపెట్టాలి. బాగుకాకపోతే మ్యాచ్ అక్కడితో రద్దు, తాడు కట్టి కానియ్యడం లేదు. ఇనుప పైపులతో చేసిన, ఎత్తి పెట్టుకునే పోస్టులైతే వెనక కాళ్లను నేలకు బిగించాల్సిందే. వాటికి వేలాడటం పిల్లల అలవాటు, మీద పడితే ప్రాణం పోతుంది. ఇసుక బస్తాలు వేస్తే వెనక పైపు మీద వేయాలి, ముందు కాళ్ల దగ్గర వేస్తే ఏ లాభమూ లేదు.

ఒంటి మీద ఏముండాలి, ఏముండకూడదు

చేతులున్న జెర్సీ, నిక్కర్, మేజోళ్లు, షిన్‌గార్డు, బూట్లు. ఈ అయిదూ తప్పనిసరి. స్టడ్స్ ఉన్న బూట్లే కావాలని లేదు, కాన్వాస్ బూట్లు నడుస్తాయి. ఉత్తకాళ్లు నడవవు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లలో చాలామంది ఉత్తకాళ్లతోనే ఫ్రాన్స్ మీద ఆడి 1-2తో ఓడారు. ఆ ముచ్చట చెప్పి ఇప్పుడు బూట్లు లేకుండా దింపుతామంటే రిఫరీ ఒప్పుకోడు. అట్టముక్క మడిచి మేజోడులో దోపుకుంటే అది షిన్‌గార్డు కాదు. కాలికి దెబ్బ ఆపే సరుకు అయ్యుండాలి, మేజోడు కింద పూర్తిగా దాగాలి. గోల్‌కీపర్ జెర్సీ రంగు రెండు టీంలకూ రిఫరీకీ భిన్నంగా ఉండాలి. రెండు టీంలదీ ఒకే రంగైతే మార్చుకోవడానికి కన్వీనర్ దగ్గర వేరే రంగు బిబ్బుల సెట్టు ఒకటి ఉంటే సగం తలనొప్పి తప్పుతుంది.

నగల విషయంలో మన దగ్గర ప్రతి మ్యాచ్‌కూ పది నిమిషాలు పోతాయి. కమ్మలు, ముక్కుపుడక, గాజులు, పట్టీలు, కడియం, వెండి మొలతాడు, మెడలో తాయెత్తు ఏదీ ఉండకూడదు. రబ్బరు బ్యాండ్లు, తోలు బ్యాండ్లు కూడా. టేపు చుట్టి కప్పితే సరిపోతుందని చాలామంది కోచ్‌లు వాదిస్తారు, చట్టం ఆ మాట కూడా స్పష్టంగా కాదన్నది. కొత్తగా చెవులు కుట్టించిన ఆడపిల్ల కమ్మ తీస్తే రంధ్రం పూడుతుందని ఏడుస్తుంది, స్వామి మాల వేసుకున్న పిల్లగాడు తీయనంటాడు. రెండూ న్యాయమైన బాధలే. గ్రౌండ్ దగ్గర వాటికి మందు లేదు. ఇంట్లోవాళ్లకు వారం ముందే చెప్పాలి, మాల తీయలేని పిల్లగాడిని ఆ పోటీకి ఎంపిక చేయకపోవడమే మర్యాద. తలకు కట్టుకునే స్కార్ఫ్ మాత్రం వద్దనడానికి లేదు. నలుపు గానీ జెర్సీలో ఎక్కువగా ఉన్న రంగు గానీ అయ్యుండాలి, జెర్సీకి కుట్టి ఉండకూడదు, పిన్నులు ఉండకూడదు.

బాల్ 5వ సైజు: చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు, గాలి 8.5 నుంచి 15.6 పీఎస్ఐ. గాలి కొలిచే మీటరు లేకపోతే సైకిల్ షాపులో దొరుకుతుంది, తెచ్చుకోండి. బాల్‌లు మూడుండాలి. గ్రౌండ్ పక్కన ముళ్లకంప ఉంటే అయిదు.

లిస్టు, సబ్‌స్టిట్యూట్లు

ఆట మొదలయ్యే ముందు ఆటగాళ్ల పేర్లు, జెర్సీ నంబర్లు, సబ్‌స్టిట్యూట్ల పేర్లు రిఫరీకి ఇవ్వాలి. ఇచ్చిన లిస్టులో పేరు లేని సబ్‌స్టిట్యూట్ ఆడలేడు, ఎంత మంచి ఆటగాడైనా. బస్సు లేటై తొమ్మిదిమందే వచ్చారనుకోండి, తొమ్మిదిమందితో మొదలుపెట్టొచ్చు. కానీ మిగతా ఇద్దరు వచ్చాక దిగాలంటే వాళ్ల పేర్లు ముందే లిస్టులో ఉండాలి. కాబట్టి రానివాళ్ల పేర్లూ రాసి ఇవ్వడం తెలివి. ఏడుగురికి తక్కువైతే ఆట మొదలు కాదు, మధ్యలో తగ్గితే సాగదు.

సబ్‌స్టిట్యూషన్లు ఎన్ని, ఒకసారి బయటికొచ్చినవాడు తిరిగి లోపలికి పోవచ్చా అన్నవి పోటీ నియమాల్లో ఉంటాయి. పిల్లల పోటీలకు తిరిగి పోయే వెసులుబాటు పెట్టుకోవచ్చని చట్టంలోనే ఉంది. పెట్టుకున్నారో లేదో మ్యాచ్‌కు ముందు కన్వీనర్‌ను అడగాలి. మార్చే పద్ధతి మాత్రం అంతటా ఒక్కటే: ఆట ఆగాలి, రిఫరీకి చెప్పాలి, లోపలివాడు బయటికి రావాలి, ఆ తర్వాతే కొత్తవాడు నడిమి గీత దగ్గర నుంచి రిఫరీ సైగతో పోవాలి. గోల్‌కీపర్, ఇంకో ఆటగాడు రిఫరీకి చెప్పకుండా జెర్సీలు మార్చుకుంటే ఆట నడవనిచ్చి, మళ్లీ ఆగినప్పుడు ఇద్దరికీ ఎల్లో కార్డు. హాఫ్ టైమ్‌లో మార్చుకుంటే మాత్రం కార్డు లేదు.

కోచ్‌లకు కూడా కార్డులున్నాయి. బెంచీ మీద నుంచి ఎవరో తిట్టారు, ఎవరో తేలలేదు అనుకోండి. కార్డు అక్కడున్న సీనియర్ కోచ్‌కే పడుతుంది. ఊళ్లోంచి వచ్చిన నలుగురు పెద్దమనుషులను బెంచీ దగ్గర కూర్చోబెట్టుకునే సార్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఆటలో పొరపాటుపడే చోట్లు

టాస్ గెలిచినవాళ్లు కిక్-ఆఫ్ కోరుకోవచ్చు, లేదా ఏ గోల్ వైపు దాడి చేస్తారో కోరుకోవచ్చు.

థ్రోలో స్కూలు పిల్లలు చేసే తప్పు ఒక్కటే, వెనక కాలు ఎత్తడం. రెండు కాళ్లలోనూ ఎంతోకొంత భాగం గీత మీద గానీ బయటి నేల మీద గానీ ఆని ఉండాలి. రెండు చేతులతో తల వెనక నుంచి తల మీదుగా, బాల్ బయటికిపోయిన చోటి నుంచే. అవతలివాడు 2 మీటర్ల దూరం. థ్రో నేరుగా అవతలి గోల్‌లోకి పోతే గోల్ కాదు, గోల్ కిక్.

థ్రో, గోల్ కిక్, కార్నర్ నేరుగా అందుకుంటే ఆఫ్‌సైడ్ (తన టీంవాడు బాల్ ఇచ్చే క్షణానికి బాల్ కంటే, ఎదుటి టీంలో చివరి నుంచి రెండోవాడి కంటే వాళ్ల గోల్ గీతకు దగ్గరగా ఉండటం) లేదు. తన సగంలో ఉన్నవాడికీ లేదు. ఆఫ్‌సైడ్ చోట నిలబడటం నేరం కాదు, అక్కడుండి ఆటలో కలగజేసుకుంటేనే నేరం. జెండా పట్టుకున్న లైన్‌మన్ స్కూలు సీనియర్ పిల్లగాడైతే ఈ చివరి ముక్క వాడికి ముందు చెప్పి పంపాలి.

2025 జులై నుంచి మారిన నియమం ఇంకా చాలా గ్రౌండ్లకు చేరలేదు. గోల్‌కీపర్ బాల్‌ను చేతుల్లో 8 సెకన్ల కంటే ఎక్కువ ఉంచుకుంటే అవతలి టీంకు కార్నర్. చివరి 5 సెకన్లు రిఫరీ చెయ్యెత్తి వేళ్లతో లెక్కపెడతాడు. పాత 6 సెకన్లు, ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్ (నేరుగా గోల్ కొడితే చెల్లని కిక్) మర్చిపోవాలి. తన టీంవాడు కాలితో కావాలని ఇచ్చిన బాల్‌నో, నేరుగా వేసిన థ్రోనో కీపర్ చేత్తో పడితే మాత్రం ఇప్పటికీ ఇన్‌డైరెక్టే.

చేతికి తాకిన ప్రతిదీ హ్యాండ్ కాదు. కావాలని తాకిస్తేనో, చెయ్యి అసహజంగా చాచి ఒళ్లు పెద్దది చేసుకుంటేనో తప్పు. కానీ చేతికి తెలియక తాకి నేరుగా గోల్‌లోకి పోయినా ఆ గోల్ చెల్లదు. పిల్లలకు అర్థం కానిది ఇదే.

ఊరి గ్రౌండ్‌లో కుక్కో బర్రెనో లోపలికొస్తే, ఆటకు అడ్డం వస్తేనే ఆపాలి. ఆపితే డ్రాప్ బాల్. పెనాల్టీ డబ్బాలో ఆగితే ఆ వైపు గోల్‌కీపర్‌కు, బయట ఆగితే బాల్ ఎవరి దగ్గరుందో లేదా ఎవరికి దక్కబోతుందో ఆ టీంవాడికి. ఎవరికో తేల్చలేకపోతే చివరగా తాకిన టీంకు. మిగతా అందరూ 4 మీటర్ల దూరం. వెనకటిలా ఇద్దరి మధ్య బాల్ వదిలి కాళ్లతో కొట్టుకోనివ్వడం 2019లోనే పోయింది.

డ్రా అయితే

అదనపు సమయం ఉంటుందా, నేరుగా పెనాల్టీలా అన్నది ముందే రాసి ఉండాలి. పెనాల్టీలకు టాస్ రెండుసార్లు వేయాలి. మొదటిది ఏ గోల్ అన్నదానికి, రెండోది ఎవరు ముందు అన్నదానికి. ఆట ముగిసినప్పుడు గ్రౌండ్‌లో ఉన్నవాళ్లే కొట్టాలి. పెనాల్టీ బాగా కొడతాడని బెంచీ మీద దాచిపెట్టిన పిల్లగాడు అప్పుడు పనికిరాడు, ఆట ముగియకముందే దింపుకోవాలి.

ఒక టీంలో రెడ్ కార్డు వల్ల పదిమందే ఉంటే రెండో టీం కూడా పదికి తగ్గించుకొని, ఎవరిని తీసేశారో రిఫరీకి పేరు, నంబర్ చెప్పాలి. ఇక్కడ చాలా టీంలు కీపర్‌ను వదిలి, మిగతావాళ్లలో బలహీనుణ్ని తీసేస్తాయి. మంచిదే, ఎందుకంటే సడెన్ డెత్ (చెరి అయిదు కిక్‌ల తర్వాతా సమానమైతే చెరొక కిక్‌తో తేల్చుకోవడం) పదో కిక్ దాకా పోతే అందరూ కొట్టాల్సిందే, కీపర్ కూడా. అందరూ ఒకసారి కొట్టాకే ఎవరైనా రెండోసారి కొట్టాలి. అయిదుగురి పేర్లు వరసగా రాసివ్వమని అడిగే రిఫరీలున్నారు. చట్టంలో అట్లా లేదు, వరస టీం ఇష్టం.

కొట్టేవాడు, ఇద్దరు కీపర్లు తప్ప అందరూ నడిమి వృత్తంలో ఉండాలి. కొట్టేవాడి టీం కీపర్ పెద్ద డబ్బా గీత గోల్ గీతను కలిసే చోట నిలబడాలి. కిక్ కొట్టేటప్పుడు ఎదుటి కీపర్ కనీసం ఒక కాలిలో కొంత భాగమైనా గీత మీద, గీతకు సరిగ్గా పైన గానీ వెనక గానీ ఉంచాలి. రీబౌండ్ లేదు. పోస్టుకు తగిలి తిరిగొచ్చిన బాల్‌ను మళ్లీ తన్నినవాడి గోల్ లెక్కలోకి రాదు. అయితే బాల్ పోస్టుకు తగిలి, కీపర్ వీపుకు తగిలి లోపలికిపోతే అది గోలే. బాల్ ఆగేదాకా కిక్ ముగియలేదు, అందుకే ఆపేశానని కీపర్ తొందరపడి గంతులేయకూడదు. ఆటలో వచ్చిన ఎల్లో కార్డు ఇక్కడికి రాదు.

ప్రొటెస్ట్, వాన, రిపోర్టు

గోల్ అయిందా లేదా, ఫౌలా కాదా అన్న దాని మీద ప్రొటెస్ట్ రాసి లాభం లేదు. ఆటలో జరిగిన వాస్తవాల మీద రిఫరీదే ఆఖరి మాట. అర్హత మీద, అంటే వయసు, స్కూలు, లిస్టు మీద రాయొచ్చు. చట్టాన్నే తప్పుగా అమలు చేస్తే, ఉదాహరణకు పెనాల్టీల్లో బెంచీ మీదివాడితో కొట్టిస్తే, దాని మీద రాయొచ్చు. ఏ నియమం, ఏ నిమిషం, ఏ నంబర్ ఆటగాడు అన్నది రాయాలి. "రిఫరీ పక్షపాతం" అని రెండు పేజీలు రాసిన కాగితాన్ని ఏ కమిటీ చదవదు.

వాన ఆటను ఆపాల్సిన పని లేదు, మెరుపు ఆపాలి. మెరుపు కనిపించి 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిల్లలను తరగతి గదుల్లోకో బస్సులోకో పంపాలి. వేపచెట్టు కిందికి, గోల్ పోస్టు దగ్గరికి, ఇనుప ఫెన్సింగ్ దగ్గరికి పోనివ్వకూడదు. చివరి ఉరుము వినిపించాక 30 నిమిషాలు లెక్కపెట్టి అప్పుడే తిరిగి దింపాలి. మధ్యలో ఇంకోటి వినిపిస్తే లెక్క మళ్లీ మొదటి నుంచి.

ఆగిపోయిన మ్యాచ్ గురించి పోటీ నియమాల్లో ఏమీ రాయకపోతే అది మొత్తం మళ్లీ ఆడాల్సిందే, 3-0తో ముందున్నా సరే. మిగిలిన సమయమే ఆడిద్దామనుకునే కమిటీ ఆ మాట ముందుగానే రాసుకోవాలి. ఆగిన నిమిషం, స్కోరు, కార్డులు, బాల్ ఎక్కడుంది, ఎవరి దగ్గరుంది అన్నవి రిఫరీ అక్కడికక్కడే రాసుకొని, ఇద్దరు మేనేజర్లతో సంతకం పెట్టించుకున్నాకే బస్సులు కదలనివ్వాలి.